బాటసారి కుండ

కన్ను మూయని మనిషిని మీరెప్పుడైనా చూశారా? చంద్రకూట నగరపు అంతఃపురంలో దాసీలు రోజూ చూస్తున్నారు. యువరాణి హేమలేఖ హంసతూలికా తల్పం మీద వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తూ ఉంటుంది. రెప్ప వాలదు. చుట్టూ మంచిగంధపు ధూపం, వెండి దీపపు సెమ్మెలు, ముత్యాల కుచ్చులు, వాటి మధ్య ఎర్రబారిన రెండు కళ్ళు. జోలపాటలు పాడే ఆడవాళ్ళు తామే కునికిపాట్లు పడి, ఉలిక్కిపడి లేచేసరికి ఆ కళ్ళు తమవంకే చూస్తుండేవి. ఇద్దరు దాసీలు ఆ చూపుకి జడుసుకుని పుట్టింటికి పారిపోయారు.

ఇదంతా కాలదంష్ట్రుడనే మాంత్రికుడి నిర్వాకం. యువరాణిని ఇచ్చి పెళ్ళి చేయమని అడిగి, కాదనిపించుకుని, ఆ కక్షతో ఆమె నిద్రనంతా ఒక నల్లశంఖంలోకి లాగేసి కాటుకకొండ మీది తన కోటకు పట్టుకుపోయాడు. మొదట్లో ఆమె కబుర్లు చెప్పేది, నవ్వేది. ఇప్పుడు మాట తడబడుతోంది. సొంత అన్నను చూసి “ఎవరు నువ్వు?” అంటోంది. అమావాస్య దాటితే ప్రాణం నిలవదని రాజవైద్యుడు తల వంచుకుని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ అన్నే మన రాకుమారుడు కీర్తిధరుడు. కత్తి పడితే ఎదురులేనివాడు, ముక్కు మీద కోపం ఉన్నవాడు, చెల్లెలంటే ప్రాణం పెట్టేవాడు. ఆ పూటే గుర్రమెక్కి పోదామనుకున్నాడు కాని, నగరానికీ కాటుకకొండకూ నడుమ మూగనేల ఉంది.

మూగనేలను ఎడారి అనుకునేరు. ఎడారిలో తేలైనా బతుకుతుంది. ఇక్కడ కాకి అరవదు, చీమ పాకదు, గాలి వీచినా చప్పుడుండదు. కనుచూపుమేర బూడిదరంగు మన్ను, ఆ మన్ను మీద సున్నం కొట్టినంత తెల్లగా ఎండ. ఎప్పటి మాంత్రికుడు పెట్టాడో, ఆ నేలకొక శాపముంది. అక్కడ భూమికి పైన ఉన్న తిండి పొద్దు కుంకగానే బూడిదైపోతుంది. నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పగా మారిపోతాయి. భూమిలో పాతిపెట్టిందే మిగులుతుంది. ఈ సంగతి తెలియక రాకుమారుడి తాతగారి కాలంలో ఒక దండు బళ్ళ నిండా తిండితో అటు వెళ్ళింది. మొదటి సాయంత్రానికే బళ్ళ నిండా బూడిద. ఆ దండులో ఒక్కడు కూడా ఇల్లు చేరలేదు.

అందుకే రాకుమారుడు గుర్రం దిగి నూకక్కను పిలిపించాడు.

నూకక్క పెరికె బిడారుకి పెద్ద. ఎద్దుల వీపున గోనెలు వేసి అడవులూ కొండలూ దాటించి సరుకు చేరవేయడం వాళ్ళ వృత్తి. మనిషి దిట్టం, నోరు ఇంకా దిట్టం. ఆయుధశాల నేల మీద రాకుమారుడు ముగ్గుపిండితో దారి గీసి చూపిస్తుంటే తమలపాకు నములుతూ నిలబడి చూసింది. ఈ చివర నగరం, ఆ చివర కొండ, నడుమ మూడు సున్నాలు. ఒక్కో సున్నా ఒక పాతర, అంటే తిండీ నీళ్ళూ దాచే గొయ్యి. పాతరకీ పాతరకీ మధ్య ఒక పగటి నడక. రాకుమారుడు గుప్పెడు శనగలు తెప్పించి, ఒక్కో శనగ ఒక్కో కుండ అనుకోమన్నాడు.

“పొద్దు కుంకేలోపు ఇవన్నీ మొదటి పాతరలో పూడ్చేద్దాం. మర్నాడు తవ్వి తీసి రెండోదానికి చేరుద్దాం. ఆ మర్నాడు మూడోదానికి” అంటూ శనగలు ముందుకు జరిపాడు.

నూకక్క వంగి అందులో సగం ఏరి నోట్లో వేసుకుంది.

“అదేమిటి?”

“ఎద్దులు తిన్నాయి బాబూ” అంది నములుతూ. ఇంకొన్ని తీసుకుంది. “ఇవి మనుషులు తిన్నారు. ఇవి తిరిగొచ్చేటప్పుడు తింటారు. మరి మూడో పాతరకి ఏం మిగిలిందో మీరే చూసుకోండి.”

ఒక్క శనగ మిగిలింది. చెల్లెలు మంచం పట్టాక రాకుమారుడు నవ్వింది ఆ ఒక్కసారే. నవ్వి, మళ్ళీ ముగ్గుపిండి ముందు కూర్చున్నాడు. ఎద్దుల్ని రెండో పాతర దగ్గర ఆపేసి అక్కడి నుంచి మనుషులే కావడి మోస్తే ఎలా ఉంటుందన్నాడు. ఎద్దు తినేంత మనిషి తినడు కాబట్టి అది బాగానే ఉందని నూకక్క ఒప్పుకుంది. పాతరలు నింపాక బిడారంతా వెనక్కి వచ్చేయాలి, అసలు ప్రయాణం ఇద్దరే చేయాలి అని ఆమె అంది. తినే నోళ్ళు పెరిగితే దారి సాగదు కదా. ప్రతి పాతరలోనూ వెళ్ళేటప్పటికి ఒక కుండ, వచ్చేటప్పటికి ఒక తిరుగుకుండ, ఎంత ఆకలేసినా తిరుగుకుండ జోలికి పోకూడదు. ఇలా ఇద్దరూ వాదులాడుకుని, ముగ్గు చెరిపి మళ్ళీ గీసి, చివరికి ఒక దారికి వచ్చారు.

“ఇక బాటసారి కుండ సంగతి” అంది నూకక్క.

“అదెవరికి?”

“ఎవరో ఒకరికి. దారి తప్పి వచ్చినవాడికి. మా బిడారులో బాటసారి కుండ లేకుండా పాతర పూడ్చరు బాబూ. అది తిన్నవాడు మూత మీద ఒక రాయి పెడతాడు. రాయి పెట్టాడంటే మనకి తోడైనట్టే. ఆ కుండ పెట్టినవాళ్ళు ఎక్కడికి పోతుంటే అక్కడిదాకా వాడు విడవకుండా వెంట నడవాలి. మేమూ వాణ్ణి పొమ్మనకూడదు.”

“చీమ కూడా పాకని చోట బాటసారి ఎక్కడి నుంచి ఊడిపడతాడు? శుద్ధ దండగ!”

“దండగో పండగో, ఆ కుండ లేకపోతే మావాళ్ళు ఒక్కరు కూడా కదలరు” అని నూకక్క తెగేసి చెప్పింది. చెల్లెలి ప్రాణం మీదికి వచ్చినవేళ కుండ దగ్గర పట్టుదలేమిటని రాకుమారుడు సరేనన్నాడు. మామూలు దారుల్లో ఎంత పుణ్యమో ఆ ఆచారం. మూగనేలలో దాని వల్ల ఏం ముంచుకొస్తుందో ఆ ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

పాతరలు సిద్ధమయ్యాయి. లోపల చుట్టూ వరిగడ్డి పరిచి, పేలపిండి, బెల్లం, అటుకుల కుండలూ నీళ్ళ తోలుతిత్తులూ దించి, పైన బంకమట్టి మెత్తి, మట్టి తడిగా ఉండగానే నూకక్క తన అరచెయ్యి అచ్చు వేసింది. బిడారు వెనక్కి మళ్ళింది. చంద్రుడు సన్నబడుతుండగా రాకుమారుడూ నూకక్కా మూగనేలలో అడుగు పెట్టారు.

మొదటి పగలంతా తమ అడుగుల చప్పుడు తమకే వినపడలేదు. మాట్లాడితే మాట నోటి ముందే రాలిపోయినట్టుండేది. పొద్దు వాలుతుండగా మొదటి పాతర చేరారు. బంకమట్టి ఎండి రాయిలా ఉంది. నూకక్క చేతి అచ్చు చెక్కుచెదరలేదు. రాకుమారుడు మట్టి పగలగొట్టి లోపలికి దిగాడు. వాళ్ళ కుండలు ఉన్నట్టే ఉన్నాయి. బాటసారి కుండ మాత్రం తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉంది. దాని మూత మీద ఒక నల్లరాయి.

“పాతర తెరవకుండానే తిన్నారు” అంది నూకక్క. “పైనుంచి రాలేదు బాబూ. కిందినుంచి వచ్చి తిన్నారు.”

ఆమె ఆ రాయికి రెండు చేతులూ జోడించి, “ఎవరైతేనేం, తోడుగా రండి” అని పలికింది. రాకుమారుడు బింకంగా పేలపిండిలో బెల్లం కలుపుకుని తిన్నాడు.

మర్నాడు బయలుదేరింది ఇద్దరే అయినా, నడుస్తుంటే ఇద్దరిలా లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఏమీ లేదు. ముందుకు తిరగగానే మెడ వెనక ఎవరో ఊపిరి విడిచినట్టుండేది. నూకక్క మాత్రం బిడారులో కొత్తగా చేరినవాళ్ళతో మాట్లాడినట్టు, “అలిసిపోయారా? ఇంకెంతో దూరం లేదులెండి” అంటూ గాలితో కబుర్లు చెబుతూ నడిచింది.

“ఎవరితో ఆ వాగుడు?” అని రాకుమారుడు కసురుతూ పక్కకి అడుగు వేశాడు. అంతే, నేల నోరు తెరిచింది! పైకి గట్టిగా కనపడిన మన్ను కింద అంతా బూడిద ఊబి. మోకాళ్ళు, నడుము, రొమ్ము, చూస్తుండగానే మునిగిపోయాడు. నూకక్క భుజాన ఉన్న ఎద్దుపగ్గం విప్పి విసిరింది. అందలేదు. మళ్ళీ విసిరింది. బూడిద గడ్డం దాటి పెదవులకి తగిలింది. రాకుమారుడు ‘హేమా!’ అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు అతని అరికాళ్ళ కింద చేతులు తగిలాయి.

ఒకటి కాదు, రెండు కాదు. చల్లటి చేతులు, వేళ్ళు చాపి, పాదాల కింద ఒకదాని మీద ఒకటి పేర్చుకుని అతన్ని పైకి ఎత్తుతున్నాయి. భుజాలు బయటపడ్డాయి. పగ్గం చేతికి దొరికింది. నూకక్క ఎద్దులా వెనక్కి వాలి లాగి అతన్ని గట్టున పడేసింది. రాకుమారుడు చెప్పులు తీసి చూసుకుంటే అరికాళ్ళ నిండా బూడిదరంగు వేలిముద్రలు. ఎంత రుద్దినా పోలేదు.

“చూశారా, తోడొచ్చినవాళ్ళు కాపాడారు” అంది నూకక్క, రొప్పుతూనే దండం పెడుతూ.

నిజం చెప్పాలంటే రాకుమారుడు భయపడ్డాడు. కత్తికి దొరికే శత్రువంటే అతనికి లెక్కలేదు కాని, కనపడని చేతుల దయ మీద బతికి బయటపడటం అతని పొగరుకి మింగుడుపడలేదు. ఆ భయమే రెండో పాతర చేరేసరికి కోపంగా మారింది. అక్కడా అంతే. చేతి అచ్చు చెదరలేదు, బాటసారి కుండ ఖాళీ, మూత మీద రాయి.

“ఇది కాలదంష్ట్రుడి మాయ! నన్ను మెల్లగా మాలిమి చేసుకుని కొండ దగ్గర గొంతు నొక్కుతారు. చచ్చినవాళ్ళతో నాకు తోడేమిటి?” అని అరిచి ఆ రాయిని కాలితో తన్నాడు.

రాయి ఎగిరి మన్నులో పడింది. పడిన చప్పుడు వినపడింది. మూగనేలలో తమ మాటలు కాక వాళ్ళు విన్న మొదటి చప్పుడు అదే.

నూకక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. “ఎంత పని చేశారు బాబూ! తోడుకొచ్చినవాడి రాయిని తన్నినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు” అని, ఆ రాత్రి తన వంతు తిండి ముట్టకుండా పడుకుంది.

మూడోనాడు మెడ వెనక ఊపిరి లేదు. ఇద్దరే నడిచారు. ఆ ఊపిరి పోయినందుకు రాకుమారుడికి సంతోషం కలగాలి, కాని ఎందుకో గుండె పీకుతోంది. మధ్యాహ్నం దాటేసరికి కాటుకకొండ కనపడింది. నిలువునా నల్లగా, నున్నగా, గడ్డిపరకైనా లేకుండా ఆకాశంలోకి లేచి ఉంది. కొండకొమ్మున కోట, కోట బురుజుల మీద ఎర్రటి పతాకాలు, గాలి లేకపోయినా అవి రెపరెపలాడుతున్నాయి. కోట నడిబొడ్డు నుంచి సన్నగా ఒక గురక. తన చెల్లెలి నిద్ర శంఖంలో పడి అలా గురక పెడుతోందని గ్రహించి రాకుమారుడు పళ్ళు కొరికాడు. కొండ మొదట్లోనే మూడో పాతర. ఆ రాత్రికి అక్కడ తిని, ఒంట్లో బలం నిలుపుకుని, తెల్లవారగానే నున్నటి కొండ ఎక్కాలన్నది వాళ్ళ ఏర్పాటు. తిండి లేకుండా ఆ కొండ ఎక్కడం ఎవరి తరమూ కాదు.

పాతర మీద బంకమట్టి ఎండి ఉంది. కాని దాని మీద ఉన్నది నూకక్క చెయ్యి కాదు. పెద్ద మగచెయ్యి అచ్చు, నాలుగే వేళ్ళు.

రాకుమారుడు మట్టి పగలగొట్టాడు. వెళ్ళే కుండ ఖాళీ. తిరుగుకుండ ఖాళీ. నీళ్ళ తిత్తులు ముడతలు పడి ఉన్నాయి. అన్నింటి మధ్యా బాటసారి కుండ ఒక్కటే నిండుగా, అంచు దాకా పేలపిండితో, పక్కన చిన్న ముంత నీళ్ళతో పొందికగా పెట్టి ఉంది.

నూకక్కకి వెంటనే అర్థమైంది. “మన తిండి వాళ్ళు తిని, బాటసారి కుండ మనకి వదిలారు. మీరు తోడు వద్దన్నారు కదా. ఇప్పుడు పాతర వాళ్ళది. మనం దారినపోయేవాళ్ళం. ఇది తింటే వాళ్ళెక్కడికి పోతుంటే అక్కడికి వెంట నడవాలి బాబూ. తినకపోతే రేపు కొండ ఎక్కలేం, వెనక్కీ పోలేం.”

పొద్దు కొండ అంచుకి వాలుతోంది. ఇంకాసేపట్లో కుండలోది బూడిద. రాకుమారుడు కుండ చేతిలోకి తీసుకుని, ఖాళీ పాతరలోకి వంగి అడిగాడు.

“ఎవరు మీరు? ఎక్కడికి మీ ప్రయాణం?”

గొయ్యి అడుగు నుంచి, కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు, ఎన్నో గొంతులు ఒక్కటిగా పలికాయి. “చంద్రకూటం దండు. మీ తాత పంపితే వచ్చాం. ఇంటికి.”

రాకుమారుడికి అప్పుడర్థమైంది. తను మాయ అనుకున్నది తన ఊరివాళ్ళని. తను తన్నిన రాయి తన వాళ్ళది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. మరుక్షణమే ఇంకో సంగతి తట్టి ఆ వేడంతా దిగిపోయింది. ఇల్లంటే వెనక్కి. వీళ్ళ వెంట ఇప్పుడే ఇంటికి నడిస్తే శంఖం కొండ మీదే ఉండిపోతుంది.

“ఇంకో మాట కూడా వినండి” అంది నూకక్క, అతని చెవి దగ్గర. “మూగనేలలో పోయినవాళ్ళు నిద్రపోయేవాళ్ళని కదిలించలేరని మావాళ్ళంటారు. మెలకువగా ఉన్నవాళ్ళనే పలకరిస్తారు, పలికితే వెంట తీసుకుపోతారు. ఊరంతా నిద్రపోయే వేళకి వీళ్ళు ఇల్లు చేరితే...”

ఆమె ముగించలేదు. ఊరంతా నిద్రపోయినా హేమలేఖ నిద్రపోదు.

రాకుమారుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఎక్కడికన్నది కుండ పెట్టినవాళ్ళ మాట, సరే. ఏ దారిన అన్నది బిడారు నడిపించేవాళ్ళ మాట కదా! గబగబా బూడిద మన్ను మీద కూర్చుని ఆయుధశాలలో గీసినట్టే వేలితో దారి గీశాడు. ఈ పాతర నుంచి కొండకొమ్ముకి ఒక గీత. కొండకొమ్ము నుంచి చంద్రకూటానికి ఇంకో గీత.

“మిమ్మల్ని ఇంటికి నేను తీసుకెళ్తాను. మా తాత చేసిన తప్పు నేను దిద్దుతాను. కాని దారి ఇదీ. ముందు కొండ, తరవాత ఇల్లు. నా చెల్లెలు నిద్రపోయాక మనందరం కలిసి చంద్రకూటం కోటగుమ్మం దాటుదాం” అని, పేలపిండి ముద్ద నోట్లో పెట్టుకుని మింగాడు. ఒక రాయి ఏరి కుండ మూత మీద పెట్టాడు.

చుట్టూ మన్ను మీద పాదాల గుర్తులు లేచాయి. మనుషులు లేరు, గుర్తులే. పదులూ వందలూ, వరసలు వరసలుగా, అన్నింటి వేళ్ళూ ఇంటివైపే. ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఒక్కో జతా మెల్లగా కొండవైపు తిరిగింది. వరస తరవాత వరస. నూకక్క హమ్మయ్య అనుకుంది.

ఒక్క జత తిరగలేదు. అందరికంటే వెనక, ఎడమపాదం కాస్త ఈడుస్తున్న జత. అది అలాగే కాసేపు నిలబడి, ఇంటిదారి పట్టింది. ఒక అడుగు, మరో అడుగు. తొందర లేదు. దానికి ఆకలి లేదు, అలుపు లేదు, రాత్రి లేదు, పగలు లేదు. ఆగకుండా పోతే వీళ్ళకంటే ఎంతో ముందే చంద్రకూటం చేరుతుంది.

“ఆగు!” అని రాకుమారుడు పరిగెత్తబోయాడు. కాలు కదలలేదు. తిన్న ముద్ద అతన్ని కొండవైపు తిరిగిన దండుకి కట్టేసింది. వెనక్కి ఒక్క అడుగు వేయబోయినా అరికాళ్ళలోని వేలిముద్రలు నిప్పుల్లా మండాయి.

“నూకక్కా! హేమ... అక్కడ హేమ ఒక్కతే మెలకువగా...” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తి చేతిలో ఉండి కూడా అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేడు.

నూకక్క కొండని చూసింది, ఇంటివైపు పోతున్న ఆ ఒంటి జతని చూసింది. రాకుమారుడి చేతిలోంచి కుండ లాక్కుని, మిగిలిందంతా అక్కడే నిలబడి గబగబా తినేసింది. ముంతలో నీళ్ళు సగం తాగి, సగం అతనికి మిగిల్చింది. ఇంకో రాయి తీసి, “నేను నీకు తోడురా అయ్యా!” అని ఆ ఒంటి జత వైపు కేకేస్తూ మూత మీద పెట్టింది.

“ఏం చేస్తున్నావు నువ్వు?” అన్నాడు రాకుమారుడు హడలిపోయి.

“తిన్నవాళ్ళు వెంట నడవాలి కదా. నడుస్తాను” అంది, కొంగు నడుముకి బిగించి. “వాడు పోయేది ఇంటికే, కాదనను. కాని దారి చూపించేది నేను. చుట్టూ తిప్పి తీసుకొస్తాను. దక్షిణపు వాగు దాటించి, ముళ్ళకొండ ఎక్కించి, ఎక్కిన చోటే మళ్ళీ దింపి, నాకు తెలిసిన డొంకలన్నీ తొక్కిస్తాను. ఎన్నాళ్ళు ఆపగలనో చెప్పలేను. మీరు తొందరగా శంఖం తెండి.”

“దారిలో నీకు తిండి?”

“రెండు పాతరల్లో తిరుగుకుండలున్నాయిగా.”

అవి ఉన్నాయో లేవో ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ ఆ మాట పైకి అనలేదు. నూకక్క అప్పుడే పరుగులాంటి నడకతో ఆ పాదాలను అందుకుని, మొండికేసిన ఎద్దుని అదిలించినట్టు నాలుకతో చప్పుడు చేసి, “అటు కాదు, ఇటు, ఇటు తిరగవయ్యా” అంటూ కేకేసింది. ఎడమకాలు ఈడ్చే ఆ జత ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆమె చూపించిన పక్కకి మెల్లగా తిరిగింది.

పొద్దు కుంకింది. ముంతలో మిగిలిన గుక్క నోట్లో ఉండగానే ఉప్పగా మారుతుంటే రాకుమారుడు దాన్ని అలాగే మింగి, నున్నటి కొండ మీద చెయ్యి వేశాడు. అతని పాదాల కింద మళ్ళీ ఆ చల్లటి చేతులు వచ్చి నిలిచాయి.